మెడలో లైన్ ఇంకా ఎందుకుంది?

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్తే. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పది బెడ్లు. మా దగ్గర సీరియస్‌గా వచ్చిన ప్రతి పేషెంటుకీ దాదాపుగా మెడలో సెంట్రల్ లైన్, అంటే మెడ నరంలోంచి గుండె దగ్గరి దాకా వెళ్లే పైపు, పడుతుంది. అది తప్పని నేననను. కానీ బీపీ నిలబడి, మందులు ఆగిపోయి, పేషెంటు నోటితో ఇడ్లీ తింటున్నా ఆ లైన్ మాత్రం అలాగే ఉంటోంది. కొందరు దాంతోనే వార్డుకి వెళ్లిపోతున్నారు. మొన్న రౌండ్స్ అయ్యాక జూనియర్ సార్‌ని "ఇంకా అవసరమా సార్?" అని అడిగితే, "రాత్రి రెండింటికి బీపీ పడిపోతే లైన్ నువ్వేస్తావా?" అన్నారు. అందరూ నవ్వారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని మా రూమ్మేట్ అంటోంది. ఇప్పుడు సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడకి లైన్ వేసిన వారం తరవాత చలిజ్వరం మొదలైంది. బీపీ మందులు ఆగి మూడు రోజులైంది, లైన్ ఇంకా ఉంది. వాళ్ల అబ్బాయి నేను తెలుగుదాన్నని నన్నే పట్టుకుని "సిస్టర్, మెడలో పైపు వల్లే కదా?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పను? ఈ విషయంలో నర్సుగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం:

అమ్మా, ముందు ఆ జూనియర్ డాక్టరు మాట సంగతి చూద్దాం. కటువుగా అన్నాడు, నలుగురిలో అన్నాడు, బాధే. కానీ దాని వెనక ఉన్నది పొగరు కాదు, భయం. బరంపురంలో గానీ, జయపురంలో గానీ, రాయగడలో గానీ చిన్న ప్రైవేటు ఐసీయూ రాత్రిపూట ఎలా నడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. డ్యూటీలో ఒక్క డాక్టరుంటాడు. మెడలో లైన్ వేయడం అతనికి బాగా చేతనవునో కాదో. మత్తు డాక్టరు ఇంటి దగ్గరుంటారు, ఫోన్ చేస్తే లేచి రావాలి. అందుకని పగలు పెద్ద డాక్టరు వేసిన లైన్‌ని రాత్రి కోసం దాచుకుంటారు. మీరు "ఇది తీసేద్దామా సార్" అన్నప్పుడు అతని చెవికి "రాత్రికి మీ ఆసరా తీసేయనా" అన్నట్టు వినపడింది.

కాబట్టి తీయమని అడిగే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది పూర్తిగా మీ చేతిలోని పని. పేషెంటుకి రెండు మంచి క్యాన్యులాలు పెట్టండి. మణికట్టు దగ్గర వంకరగా పెట్టి టేపు చుట్టినవి కాదు, ముంజేతిలో, ఒకటైనా మోచేతి మడత దగ్గర, నిటారుగా ఉన్న లావు నరంలో పెట్టినవి. పది ఎంఎల్ సెలైన్ తోసి, ఉబ్బడం లేదని, నొప్పి లేదని చూసుకోండి. అప్పుడు "సార్, బెడ్ ఫోర్‌కి రెండు చేతులకీ పద్దెనిమిది నంబరు క్యాన్యులాలు పెట్టాను, రెండూ బాగా పారుతున్నాయి. బీపీ మందు నార్‌యాడ్ ఆగి ఇరవై నాలుగు గంటలు దాటింది. మెడలో లైన్ తీసేయమంటారా?" అని అడగండి. అడిగింది ఒకటే విషయం. మొదటిసారి మీరు అతనికి ఒక సమస్య ఇచ్చారు, ఈసారి పరిష్కారం చేతిలో పెట్టి అడుగుతున్నారు. నా అనుభవంలో పది మందిలో ఎనిమిది మంది డాక్టర్లు రెండోదానికి తలూపుతారు. మిగతా ఇద్దరి సంగతి తరవాత చెప్తాను.

అయినా "రాత్రి బీపీ పడిపోతే" అన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి ఇప్పుడు మంచి జవాబుంది. నార్‌యాడ్, అంటే నార్‌ఎడ్రినలిన్, సెంట్రల్ లైన్‌లోనే వెళ్లాలి, లేకపోతే చెయ్యి నల్లబడిపోతుంది అని మా కాలంలో నూరిపోశారు. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ మీద 2021లో వచ్చిన సర్వైవింగ్ సెప్సిస్ మార్గదర్శకాలు దీన్ని సడలించాయి. సెంట్రల్ లైన్ పడేదాకా మందు ఆపి కూర్చోవద్దు, చేతి నరంలోనే మొదలుపెట్టండి, అయితే కొద్దిసేపటికి మాత్రమే, అది కూడా మోచేతి మడత దగ్గరో అంతకన్నా పైనో ఉన్న నరంలో, అని అందులో ఉంది. అంటే రాత్రి రెండింటికి బీపీ పడిపోయినా ఆ చోట మంచి క్యాన్యులా ఒకటుంటే మందు ఆ నిమిషమే మొదలవుతుంది. మత్తు డాక్టరు లేచి, బండి తీసి, వచ్చి, లైన్ వేసేంతవరకూ అది సరిపోతుంది. కొందరికి తెల్లారేసరికి మందు తగ్గిపోయి లైన్ అవసరమే పడదు.

కానీ దీనికి కాపలా కాయాల్సింది మీరే. మన ఐసీయూల్లో యాభై ఎంఎల్ సిరింజిలో నార్‌యాడ్ చిక్కగా కలిపే అలవాటు. అది సెంట్రల్ లైన్ కోసం పుట్టిన అలవాటు. చేతి నరంలో ఇచ్చేటప్పుడు పలుచగా ఉండాలి. నాలుగు మిల్లీగ్రాములు రెండొందల యాభై ఎంఎల్‌లో కలపడం చాలాచోట్ల వాడుకలో ఉన్న పద్ధతి. మీ దగ్గర ఎంతలో కలపాలో డాక్టరు రాసి ఇవ్వాలి, నోటిమాట మీద కలపొద్దు. బీపీ కఫ్ రెండో చేతికి కట్టండి. క్యాన్యులా చోటు మీద దుప్పటి కప్పకండి. గంటకోసారి వేలితో తాకి చూడండి. చల్లగా, తెల్లగా, గట్టిగా అనిపిస్తే పంప్ ఆపేయండి. ఆ కంగారులో క్యాన్యులా పీకేయొద్దు. ముందు దానిలోంచే సిరింజితో వెనక్కి లాగండి, ఇంకోచేతి క్యాన్యులాలో మందు మొదలుపెట్టి డాక్టర్ని పిలవండి. దీనికి విరుగుడు ఫెంటోలమైన్. మీ ఫార్మసీలో అది ఉందో లేదో రేపే కనుక్కోండి. లేకపోతే బదులుగా ఏం వాడాలో ముందే రాయించి గోడకి అంటించండి.

ఈ లైన్ల అలవాటు మనకి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిస్తే పెద్ద డాక్టర్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. 2001లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. సెప్సిస్ పేషెంటుకి మొదటి ఆరు గంటల్లో సెంట్రల్ లైన్ వేసి, సీవీపీ (గుండెకి చేరే పెద్ద నరంలోని ఒత్తిడి) కొలిచి, లైన్‌లోంచే రక్తంలో ఆక్సిజన్ చూస్తూ వైద్యం చేస్తే ఎక్కువమంది బతుకుతారని అందులో తేలింది. ఒక తరం డాక్టర్లు అదే చదువుకుని బయటికొచ్చారు. షాక్ అంటే లైన్, లైన్ అంటే సీవీపీ. తరవాత 2014, 2015లలో అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వైపు నుంచి మూడు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఆ పద్ధతిలో చేసినా, మామూలుగా జాగ్రత్తగా చూసుకున్నా ఫలితం ఒకటేనని మూడూ తేల్చాయి. సీవీపీ అంకె చూసి సెలైన్ ఎక్కించాలా వద్దా అని నిర్ణయించడం కూడా నమ్మదగ్గది కాదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. చేతికి అలవాటైన పని మాత్రం కాగితం మారినంత తొందరగా మారదు. మీ ఐసీయూలో సీవీపీ కోసమే లైన్ ఉంచారంటే, ఆ అంకె చూసి గత రెండు రోజుల్లో ఎవరైనా ఏదైనా మందు మార్చారా అని చార్టు తిరగేయండి. మార్చకపోతే ఆ లైన్ ఎవరికోసం ఉన్నట్టు?

మరి లైన్ నిజంగా ఎవరికి కావాలి? నార్‌యాడ్ డోసు ఎక్కువై, గంటగంటకీ పెరుగుతున్నవాళ్లకి కావాలి. రెండు మూడు రకాల బీపీ మందులు నడుస్తున్నవాళ్లకి కావాలి. పేగులు పనిచేయక నరంలోంచే పూర్తి తిండి పెట్టాల్సినవాళ్లకి కావాలి, ఆ బాటిల్ చిక్కదనానికి చేతి నరం ఆగదు. పొటాషియం బాగా పడిపోయి వేగంగా ఎక్కించాల్సినవాళ్లకి కావాలి. వెంటనే డయాలసిస్ చేయాల్సినవాళ్లకి దాని పైపు వేరే. రెండు చేతుల్లోనూ, అల్ట్రాసౌండ్ పెట్టి చూసినా నరం దొరకనివాళ్లు కొందరుంటారు. ఇలాంటివాళ్ల దగ్గర లైన్ తీయమని పట్టుబట్టకండి. వీళ్లకి అది ప్రాణాధారం. ఉత్సాహం కొద్దీ అవసరమున్న లైన్ తీయించి, సాయంత్రం మళ్లీ మెడ పొడిపిస్తే, రెండోసారి మీ మాట ఎవరూ వినరు, వినకపోవడమే న్యాయం.

ఇక అవసరం లేని వరస చూడండి. మెరోపెనెమ్, పిప్‌టాజ్ లాంటి యాంటీబయాటిక్స్ చేతి నరంలో హాయిగా వెళ్తాయి. పురుగుమందు తాగి వచ్చిన కేసుకి ఎట్రోపిన్ ఇన్‌ఫ్యూజన్ చేతి నరంలో నడుస్తుంది, దానికి ఇచ్చే ఇంకో విరుగుడు పామ్ కూడా అంతే. ఊపిరి కోసం వెంటిలేటర్ మీద పెట్టినంత మాత్రాన లైన్ అక్కర్లేదు, ట్యూబు వేశాం కదా లైన్ కూడా వేసేద్దాం అనుకోవడం ఒక ప్యాకేజీ ఆలోచన. ముఖ్యంగా పాము కాటు సంగతి. మన గంజాం, గజపతి, రాయగడ పల్లెల నుంచి రక్తపింజర కాటుతో వస్తారు. ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణమే పోయి ఉంటుంది. అలాంటి మనిషికి మెడలోనో, కాలరు ఎముక కిందో లావు సూది దించితే ఆ రక్తం ఆగదు. కాలరు ఎముక కిందైతే అదిమి పట్టుకోవడానికి కూడా చోటుండదు. యాంటీవెనమ్ చేతి నరంలోనే ఇచ్చేది, రక్తం గడ్డకట్టడం మొదలయ్యేదాకా లైన్ ఆలోచన వాయిదా వేయొచ్చు.

నర్సుల వైపు కూడా ఒక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. లైన్ ఉండిపోవడానికి సగం కారణం మనకున్న సుఖం. రోజుకి మూడుసార్లు రక్తం తీయాలి, పేషెంటు చెయ్యి వాచి ఉంది, లైన్ మూత తిప్పితే క్షణంలో పని అయిపోతుంది. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ తిప్పిన ప్రతిసారీ క్రిములకి తలుపు తీసినట్టే. మొదటి రోజుల్లో అవి ఎక్కువగా లైన్ పక్కన చర్మం మీదుగా దిగుతాయి. రోజులు గడిచేకొద్దీ మనం మందు ఎక్కించే ఆ మూతల దగ్గర నుంచి లోపలికి పోతాయి. ఒకసారి ఐసీయూలో ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు గమనించండి. త్రీవే మూత తీసి బెడ్‌షీట్ మీద పెడతారు, మందు తోసి, అదే మూత మళ్లీ బిగిస్తారు. స్పిరిట్ దూది ఒకసారి అలా తగిలించి వదిలేస్తారు. నిజానికి దూదితో గట్టిగా రుద్దాలి, ఆరనివ్వాలి, అప్పుడే సిరింజి తగిలించాలి. తీసిన మూత పారేసి కొత్తది పెట్టాలి. ఈ ఒక్క పనీ మీ షిఫ్టులో సరిగ్గా చేయిస్తే, లైన్ ఉన్నన్నాళ్లూ పేషెంటుని సగం కాపాడినట్టే. ఇక రక్తం పరీక్షలు అసలు రోజుకి మూడుసార్లు ఎందుకో కూడా అడగండి. అవి తగ్గితే లైన్ మీద ఆశ కూడా తగ్గుతుంది.

లైన్‌లోంచి రక్తంలోకి దిగే ఇన్‌ఫెక్షన్ మామూలు జ్వరం కాదు. మన దేశపు ఐసీయూల్లో వీటి వెనక ఎక్కువగా కనిపించేవి క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటి మొండి క్రిములు. మెరోపెనెమ్‌కి కూడా లొంగనివి వీటిలో చాలా ఉన్నాయి. అప్పుడు చాలాసార్లు కొలిస్టిన్ దాకా పోవాలి, అది కిడ్నీల మీద పడుతుంది. ఇంటివాళ్లు బంగారం తాకట్టు పెట్టి ఇంకో వారం బిల్లు కడతారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఇది తగ్గించొచ్చని చేసి చూపించారు, 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నూట మూడు ఐసీయూలు. వాళ్లు చేసినవి ఐదు పనులు. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు పేషెంటు ఒళ్లంతా కప్పే స్టెరైల్ షీటు, గౌను, మాస్కు, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకూ తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరిన లైన్ వెంటనే తీసేయడం. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. వెయ్యి లైన్-రోజులకి (ఒక పేషెంటుకి లైన్ ఉన్న ఒక్కో రోజు ఒక లైన్-రోజు) 2.7 ఉన్న ఇన్‌ఫెక్షన్ మధ్యస్థ రేటు మూడు నెలల్లో సున్నాకి వచ్చింది, పద్దెనిమిది నెలల తరవాత కూడా అక్కడే ఉంది. నాకు అందులో అన్నిటికన్నా నచ్చిన విషయం వేరే. లైన్ వేసేటప్పుడు డాక్టరు ఏదైనా మెట్టు దాటేస్తే నర్సు "ఆగండి" అని ఆపే అధికారం అక్కడ ఇచ్చారు. అధికారం పైనుంచి వచ్చింది కాబట్టి ఎవరూ నవ్వలేదు.

మీకు ఆ అధికారం ఎవరూ ఇవ్వలేదు. దాన్ని అడిగి తెచ్చుకోవడానికి ముందు మీ దగ్గర లెక్క ఉండాలి. ఒక నోటు పుస్తకం తీసుకోండి. రోజూ ఒకే టైముకి, పొద్దున్న ఎనిమిదింటి హ్యాండోవర్ అనుకోండి, మూడు అంకెలు రాయండి. ఐసీయూలో ఎంతమంది పేషెంట్లున్నారు, అందులో ఎంతమందికి సెంట్రల్ లైన్ ఉంది, ఆ లైన్లలో లైన్ తప్ప వేరే దారి లేని మందు నడుస్తున్నవి ఎన్ని. నెల తిరిగేసరికి మొదటి అంకెలన్నీ కలిపితే రెండొందల నలభై, రెండోవి కలిపితే నూట అరవై ఎనిమిది వచ్చిందనుకుందాం. అంటే పేషెంటు ఐసీయూలో గడిపిన ప్రతి పది రోజుల్లో ఏడు రోజులు లైన్‌తో గడిచాయి. మూడో అంకె డెబ్భై మాత్రమే వస్తే, మిగతా తొంభై ఎనిమిది రోజులు లైన్ ఊరికే ఉంది. ఈ ఊరికే ఉన్న రోజుల లెక్కే అసలు లెక్క. చాలామంది ఇన్‌ఫెక్షన్లు ఎన్ని అని లెక్కేస్తారు. పది బెడ్ల ఐసీయూలో నెలకి ఒకటో రెండో వస్తాయి, ఒక నెల సున్నా వస్తే అంతా బాగుందనుకుంటారు, ఇంకో నెల మూడొస్తే గగ్గోలు పెడతారు. చిన్న అంకె అలాగే గంతులేస్తుంది. ఊరికే ఉన్న రోజులైతే నిలకడగా కనిపిస్తాయి, తగ్గితే తగ్గినట్టు తెలుస్తుంది. ఎవరి తప్పు అన్నది కూడా రాదు, అందుకని ఎవరూ ముఖం మాడ్చుకోరు.

ఆ పుస్తకం జూనియర్ డాక్టరుకి చూపించకండి. ముందు మీ ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చూపించండి, ఆవిడ ద్వారా పెద్ద డాక్టరుకి. ఆసుపత్రికి ఎన్‌ఏబీహెచ్ అనే నాణ్యత గుర్తింపు ఉన్నా, తెచ్చుకోవాలని ప్రయత్నిస్తున్నా మీ పని ఇంకా సులువు. ఆ గుర్తింపుకి సెంట్రల్ లైన్ ఇన్‌ఫెక్షన్ల రేటు చూపించాలి, ఆ రేటు కట్టాలంటే లైన్-రోజుల లెక్క కావాలి. మేనేజ్‌మెంటుకి కావాల్సిన అంకె మీ సంచిలో ఉందని తెలిస్తే కత్తిపీట దురద గురించి ఎవరూ మాట్లాడరు. అప్పుడు ఒకే ఒక్క మార్పు అడగండి. రోజూ రౌండ్స్‌లో ప్రతి బెడ్ దగ్గరా "లైన్ ఎన్నో రోజు, ఎందుకుంది" అన్నది నర్సు చదవాలి, డాక్టరు ఒక కారణం చెప్పాలి, అది చార్టులో రాయాలి. ఒడియాలో అడిగినా, ఇంగ్లీషులో అడిగినా పరవాలేదు. "ఉండనీ" అన్నది కారణం కాదు. మొదట చెప్పిన ఆ ఇద్దరు డాక్టర్లూ ఇక్కడే దారికొస్తారు. రోజూ నలుగురి ముందు "ఊరికే" అని రాయించడం ఎవరికైనా ఇబ్బందే.

మీ దగ్గర అల్ట్రాసౌండ్ మిషను ఐసీయూలో ఉంటే, దాన్ని చూస్తూ ముంజేతిలో లోతుగా ఉన్న నరానికి పొడవు క్యాన్యులా వేయడం నేర్చుకోండి. వాపు చేతుల్లో కూడా నరం దొరుకుతుంది. మన దేశంలో లింగ నిర్ధారణ చట్టం వల్ల ప్రతి మిషనూ రిజిస్టర్ చేయించాలి, ఆ కాగితాల గొడవకి భయపడి కొన్ని చిన్న ఆసుపత్రులు ఐసీయూలో మిషను పెట్టడం లేదు. చట్టం అవసరమే, కాదనను. రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుంది కదా అని అడిగే మనిషి లేక ఆగిపోయింది. రెండు వారాల దాకా యాంటీబయాటిక్ కావాల్సినవాళ్లకి మిడ్‌లైన్ అని ఇంకొకటుంది, మోచేతి పైన వేస్తే కొన చంక దగ్గర ఆగుతుంది, గుండె దాకా పోదు. దొరికితే మంచి మధ్య దారి.

అయితే ఒక్క రకం పేషెంట్లకి ఈ మధ్య దారి కూడా జాగ్రత్తగా వాడాలి. ఈ మాట మీ ఆసుపత్రికి మరీ అవసరం. మీకు ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట నుంచి వచ్చే వాళ్లు ఎక్కువ. అది ఉద్దానం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. అక్కడి మనిషికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ రెండో మూడో ఉంటే, ఈరోజు కాకపోయినా రెండేళ్లకో మూడేళ్లకో డయాలసిస్ పడొచ్చు. అప్పుడు చేతిలో ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసే దారి) పెట్టాలంటే ముంజేతి నరాలు, మోచేతి పైన నరాలు బాగుండాలి. ఈరోజు మనం అక్కడ లావు క్యాన్యులాలు, మిడ్‌లైన్‌లు, చేతిలోంచి గుండె దాకా వెళ్లే పిక్ లైన్‌లు వేసి ఆ నరాలు గట్టిపడేలా చేస్తే, రేపు ఆ మనిషికి ఫిస్టులా కుదరదు. కాలరు ఎముక కింద లైన్ వేసినా అంతే, ఆ నరం ఇరుకై ఆ వైపు చెయ్యి పనికిరాకుండా పోవచ్చు. వీళ్లకి వీలైనంతవరకూ అరచేతి వెనక నరాలు వాడండి, అదీ వాళ్లు ఎక్కువ వాడే చేతికి. రెండో చేతికి ప్లాస్టర్ మీద "సూది వద్దు" అని రాసి కట్టండి. వీళ్లకి షాక్‌లో లైన్ కావాల్సి వస్తే మెడలోనే వేయమనండి, పని అయిపోగానే తీయించండి. పైన నేను ముంజేతిలో రెండు లావు క్యాన్యులాలు అన్నది వీళ్లకి వర్తించదు. వీళ్ల దగ్గర రాత్రి బీపీ భయానికి జవాబు ఏమిటన్నది కిడ్నీ డాక్టరుతో కలిసి ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ సోంపేట ఆవిడ సంగతి. వాళ్లబ్బాయికి "లైన్ వల్లే" అని చెప్పకండి, "లైన్ వల్ల కాదు" అని కూడా చెప్పకండి. రెండూ ఇప్పుడు ఎవరికీ తెలియవు. "బాబూ, మెడలో లైన్ ఉన్నవాళ్లకి జ్వరమొస్తే అది కూడా ఒక కారణం కావచ్చు. ఛాతీ, మూత్రం, ఇంకా వేరేవి కూడా కావచ్చు. తేల్చడానికి రక్తం కల్చర్‌కి పంపాలి. లైన్ ఇంకా అవసరమో కాదో డాక్టరుగారిని మీ ముందే అడుగుతాను" అనండి. ఆ చివరి మాట నిలబెట్టుకోండి. మన భాష మాట్లాడే మనిషి దొరికిందని వాళ్లు మీ మీద పెట్టుకున్న నమ్మకానికి అది చాలు. రిపోర్టులు, మందులు, ఎవరి తప్పు అన్న మాటలు డాక్టరే చెప్పాలి, ఆ బరువు మీరు నెత్తికెత్తుకోకండి.

కల్చర్ తీసే పద్ధతి మాత్రం మీ పని. కొత్త యాంటీబయాటిక్ వేయకముందు తీయాలి. లైన్‌లోంచి ఒక సీసా, చేతి నరంలోంచి ఒక సీసా, ఒకేసారి, సమానంగా రక్తం పోసి, ఏది ఎక్కడిదో సీసా మీద రాసి పంపాలి. ల్యాబులో కల్చర్ మిషను ఉంటే ఏ సీసా ఎప్పుడు పాజిటివ్ అయిందో టైము వస్తుంది. లైన్ సీసా చేతి సీసా కన్నా కనీసం రెండు గంటల ముందు మోగితే దోషం లైన్‌దేనని అనుమానించాలి. సీసాల మీద పేరొక్కటే రాసి పంపితే ఈ తెలివంతా మట్టిపాలు. జ్వరం వచ్చింది కాబట్టి వెంటనే లైన్ పీకేయాలని రూలు లేదు, అవసరముంటే రిపోర్టు దాకా ఆగొచ్చు. కానీ ఆవిడ విషయంలో మీరే రాశారు, బీపీ మందులు ఆగి మూడు రోజులైందని. అలాంటప్పుడు జ్వరం ఉన్నా లేకపోయినా ఆ లైన్‌కి పని లేదు. పాత లైన్‌లోంచి తీగ దూర్చి కొత్తది ఎక్కిద్దామని ఎవరైనా అంటే, ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు ఆ దారి వద్దు, అదే దారిలో క్రిములు కూడా కొత్తదానికి ఎక్కుతాయి.

తీయడంలో కూడా ప్రాణం పోయే చోటు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రాతపూర్వకంగా ఆర్డరు తీసుకోండి. రక్తం గడ్డకడుతుందో లేదో చెప్పే ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ పరీక్షలు చూసుకోండి. పేషెంటుని కూర్చోబెట్టి మెడలో లైన్ ఎప్పుడూ తీయకండి. వెల్లకిలా, వీలైతే తల కాస్త కిందికి ఉండాలి. కూర్చుని ఊపిరి పీల్చినప్పుడు ఆ రంధ్రంలోంచి గాలి గుండెలోకి పోతుంది. మెలకువగా ఉంటే ఊపిరి వదిలి బిగబట్టమనండి, అప్పుడు ఒకే వరసలో మెల్లగా లాగేయండి. అడ్డం తగిలితే బలవంతం చేయకుండా డాక్టర్ని పిలవండి. వెంటనే అదిమి పట్టండి, రక్తం పూర్తిగా ఆగేదాకా, కనీసం ఐదు నిమిషాలు. గాలి చొరబడని డ్రెస్సింగ్ వేసి ఒక రోజు ఉంచండి. అరగంట లేవనివ్వకండి. తీసిన పైపు కొన విరగకుండా పూర్తిగా వచ్చిందో లేదో చూసి నోట్స్‌లో రాయండి. కొన కత్తిరించి ల్యాబుకి పంపే ఆచారం కొన్నిచోట్ల ఉంది, ఇన్‌ఫెక్షన్ అనుమానం లేనప్పుడు అది దండగ.

వార్డుకి లైన్‌తో పంపే అలవాటు గురించి కూడా రాశారు. ఐసీయూలో ఇద్దరికో ముగ్గురికో ఒక నర్సు ఉంటేనే మూతలు రుద్దడం కష్టం. వార్డులో ఇరవై మందికి ఒక్కరు. అక్కడ ఆ లైన్‌ని ఎవరూ చూడరు, డ్రెస్సింగ్ తడిసినా మార్చరు. అందుకని షిఫ్టింగ్ కాగితంలో ఒక వరస చేర్పించండి: "సెంట్రల్ లైన్ తీశారా? లేకపోతే కారణం, తీసే తేదీ." ఏ కారణం చేతనైనా లైన్‌తోనే పంపాల్సి వస్తే, తీసే తేదీ కింద వార్డు సిస్టర్ సంతకం చేయించుకుని ఒక కాపీ మీ పుస్తకంలో పెట్టుకోండి.